అమావాస్య పోయిన ఆరో తెల్లవారు

నేరేడుచర్ల దాటి మైలున్నర నడిచాక భిక్షపతి పంతులుకు ఎడమకాలి చెప్పు తెగింది. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి కంకర. అట్లా నడవడం ఎట్లా ఉంటుందో ఆ దారి ఎరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. హుజూర్‌నగర్ పోయే ఆ రోడ్డు అప్పట్లో పేరుకే రోడ్డు. సెప్టెంబరులో మిలిటరీ బండ్లు దాన్ని ఒకసారి దున్నాయి, తర్వాతి వానలు మిగతా పని పూర్తిచేశాయి. నలభై ఎనిమిది డిసెంబరు మొదటివారం నాటికి గుంతల్లో బురద టైర్ల అచ్చులతో సహా గట్టిపడి ఉంది.

ముందు, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీ గోడ మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నల్లగొంగడి, పక్కన కర్ర, ఒళ్ళో గొర్రెపిల్ల. దాని నోరు రెండు వేళ్ళతో తెరిచి, కంసాలి ముక్కుపుడక రాయిని చూసినట్టు లోపలికి చూస్తున్నాడు.

"ఏమైంది దానికి?" అన్నాడు పంతులు. చూసి ఊరుకుని పోవడం ఆయనకు ఏనాడూ చేతకాలేదు.

"దీనికేం గాలె. పండ్లు లెక్కవెడుతున్న." ఆ మనిషి తలెత్తి పంతులు చేతిలోని చెప్పును చూశాడు. "అయింది నీకే. ఇటు తే."

నడుముకు కట్టిన సంచిలోంచి గొంగళ్ళు కుట్టే దబ్బనం తీశాడు. ఉన్నిదారం నోట్లో తడిపి, పురిపెట్టి, నాలుగు కుట్లు వేశాడు. వేస్తూనే అడిగాడు: "బడిపంతులువా?"

"ఎట్ల తెలిసింది?"

"చెప్పు తెగితే తిట్టలె గద. ఇంకొకరైతే చెప్పును, చేసినోన్ని, రోడ్డునూ కలిపి తిడుదురు."

ఇద్దరూ పోవలసింది కోదాడకే అని తేలింది. తోడు దొరికిందని సంతోషించిన జాడ మాత్రం ఇద్దరి ముఖాల్లోనూ లేదు. ఒంటరిగా నడవడం అలవాటైనవాళ్ళు పక్కన అడుగులు వినపడితే మొదట కాస్త ఇబ్బందే పడతారు.

భిక్షపతి సూర్యాపేట సర్కారు బడిలో లెక్కలు చెప్పేవాడు. ఆ ఏడు బడి తెరిచిన రోజులకన్న మూసిన రోజులే ఎక్కువ. మిర్యాలగూడలో ఖాళీ ఉందంటే పోయి అడిగి వస్తున్నాడు. కొత్త సంవత్సరం వచ్చాక చూద్దామన్నారు. మిలిటరీ రాకముందు పాడురోజుల్లో జనం సంస్థానం సరిహద్దు దాటిపోతున్నప్పుడు తన పుస్తకాల పెట్టెలు రెండు కోదాడలో ఎరిగినవాళ్ళ ఇంట్లో పెట్టాడు. ఇప్పుడు వాటికోసం పోతున్నాడు. భార్య లేదు, పిల్లలు లేరు. చేతికి దొరికిన ప్రతి కాగితాన్నీ చదివే జబ్బొకటి ఉంది. బెల్లం పొట్లం విప్పితే ముందు కాగితం చదివి ఆ తర్వాత బెల్లం నోట్లో వేసుకునే మనిషి.

ఆ గొర్రెల కాపరి పేరు పెద్దులు. నేరేడుచర్ల పక్క పల్లె. యాభై దాటిన వయసు, ఎండుకట్టె లాంటి ఒళ్ళు. నడుస్తూ నడుస్తూ ఆగి తూర్పువైపు ఒకసారి చూసేవాడు, పట్టపగలు కూడా.

"మంద ఎక్కడ?" అన్నాడు పంతులు.

"ఊర్ల. ఇంకొకనికి అప్పజెప్పిన."

"మరి ఈ ఒక్కదాన్ని తల్లికి దూరంచేసి ఎందుకు మోస్తున్నవ్?"

"ఇది సాచ్చెం చెప్పాలె," అన్నాడు పెద్దులు.

నవ్వుతాడేమోనని పంతులు చూశాడు. నవ్వలేదు. ఇక ఆ సాక్ష్యం సంగతి హుజూర్‌నగర్ పొలిమేర వచ్చేదాకా ముక్కలు ముక్కలుగా బయటపడింది. మధ్యలో ఒక గుడిసె దగ్గర ఆగి మేకపాలు అడిగి, గుడ్డపీలిక ముంచి పిల్లచేత చీకించడం, మళ్ళీ నడవడం. ఆ ముక్కలన్నీ వరసలో పెడితే ఇదీ కథ.

పెద్దులుకు ఇరవై ఏళ్ళప్పుడు ఊళ్ళో పెద్దజ్వరం వచ్చింది. తల్లి పోయింది, కట్టుకున్నది పోయింది. చేతిలో నెలల తమ్ముడు మిగిలాడు, జానయ్య. మళ్ళీ పెళ్ళి చేసుకొమ్మంటే పెద్దులు వినలేదు. తమ్ముణ్ణి గొంగట్లో చుట్టుకుని మందతో తిరిగాడు. ఈనిన గొర్రె ఏది దగ్గరుంటే దాని పాలు పట్టాడు. రైతుల పొలాల్లో ఎరువు కోసం మంద పెట్టిన రాత్రుల్లో నిద్రపోని పిల్లవాడికి చూపించడానికి ఆకాశం తప్ప ఇంకేముంటుంది? అదిగో పిల్లలకోడి, అవి గొర్రుకొయ్యలు, అది వేగుచుక్క, అది పొడిస్తే మనం లేవాలె. జానయ్యకు అమ్మ అనే మాటకన్న ముందు చుక్కల పేర్లే వచ్చాయి.

పెద్దవాడయ్యాక జానయ్యకు గొర్రెల వాసన పడలేదు. చెరువుకింద రెండెకరాలు చూసుకుని వ్యవసాయంలో దిగాడు. పదకొండేళ్ళ కింద కోదాడ పిల్లను చేసుకున్నాడు. ఆమె పేరు పద్మమ్మ. పిల్లలు కలగలేదు.

తమ్ముని పెళ్ళాం బావకు ఎదురుపడదు. మాట్లాడదు. ఆ ఇళ్ళల్లో అది పట్టింపు. బావ అంటే మామతో సమానం. ఏడాదిలో నాలుగు నెలలు పెద్దులు ఇంటిపట్టున ఉంటే, అరుగు మీద అన్నం గిన్నె పెట్టి తలుపు చాటుకు పోయి గాజులు కదిపేది. ఆ చప్పుడు వింటే ఆయన వచ్చి తినేవాడు. పదకొండేళ్ళలో వాళ్ళిద్దరి మధ్య నడిచిన మాటలన్నీ ఆ గాజులే.

దీపావళి అమావాస్య తెల్లవారుజామున పద్మమ్మ వాకిలి ఊడ్చేందుకు లేచింది. తూర్పున వరిచేను పైన మంచులో పెద్ద చుక్క ఒకటి వెలుగుతూ కనపడింది. దాని వెనక తెల్లగా పొడుగ్గా చార. మొగుడి దగ్గర ఆమె కూడా చుక్కలు నేర్చుకుంది, ఇట్లాంటిది చూడలేదు. లోపలికి పోయి లేపింది, "ఇటు రా, ఏందో చూద్దువు" అని. నిద్రకళ్ళతో, చెప్పులు లేకుండా, తల పైకెత్తి వచ్చినవాడు గడ్డికుప్ప పక్కన నాగుబామును తొక్కాడు. హుజూర్‌నగర్ దవాఖానకు బండి కడితే సగం దారిలో పోయాడు.

పెద్దులు అప్పుడు మఠంపల్లి అవతల కృష్ణ ఒడ్డున మందతో ఉన్నాడు. కబురు అంది, మందను తోలుకుని నడిచి వచ్చేసరికి మట్టి చేశారు. కంటిమీద కునుకు లేకుండా ఇంటి పక్క మడిలో మంద ఆపుకుని రోజూ తెల్లవార్లు కూర్చున్నాడు. ఇంట్లో ఉండలేకపోయాడు. ఆ దినాల్లో పద్మమ్మ అన్నం తెచ్చి అరుగు మీద పెట్టేది. చేతులకు గాజులు లేవు. తలుపు మీద వేలితో కొట్టి పోయేది.

"ఐదు తెల్లవార్లు సూసిన పంతులు. తూర్పున వేగుచుక్క ఉన్నది, ఇంకేం లేదు. ఆరోనాడు ఈ పిల్ల తల్లి ఈనింది. పురుడు నేనే వోసిన. చేతులు గడ్డికి తుడుసుకుని తల లేపితే తూర్పు దచ్చనం మూలకు తోకచుక్క. ఈత చీపురంత తోక. భయం గాలె. ఎవరన్న ఉంటె సూపెడుదునని పానం కొట్టుకున్నది. ఎవరున్నరు?"

పదకొండోనాటికి ఊరంతా దాన్ని చూసింది. చూసి రెండూ ముడేసింది. పద్మమ్మే ముందు చూసింది, మొగుడికి చూపింది, అది మొగుణ్ణి తిన్నది. పెద్దులు కాదన్నాడు. ఆ అమావాస్యనాడు అది లేనే లేదు, ఆమె చూసింది వేగుచుక్కే, వెనకాల చార మంచుదో మబ్బుదో అన్నాడు. తమ్ముని పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నాడని నవ్వారు. ఊరి మాట ఎట్లున్నా పోయేది. పద్మమ్మ కూడా అదే నమ్మింది. దినాలు అయిన మర్నాడు కోదాడ పోయి తల్లిగారింట్లో వెనక అర్రలో కూర్చుంది. ఆమె వస్తేనే ఆ ఇంటి తలుపు తెరుచుకునేది. లేకపోతే ఈ మాఘంలో పెద్దులు తాళంపెట్టి మందతో పోవాలి. మళ్ళీ ఎందుకు రావాలో ఆయనకు తెలియదు.

"దీని నోరు సూడు." పెద్దులు పిల్ల పెదవి ఎత్తాడు. "ముందట ఆరు నిండినయ్. మూలలకు రెండు ఇప్పుడు పొడుస్తున్నయ్. నెల నిండిన పిల్లకు ఎనిమిది ఉంటయ్. మా తమ్ముడు పోయి నెల దాటి నాలుగు దినాలు. ఇది పుట్టిననాడు చుక్క వచ్చింది. ఇది నెలది గాదు. ఇగ చెప్పు, ఏది ముందు ఏది ఎనక? నేను అబద్ధమాడొచ్చు, పండ్లు ఆడవు గద."

భిక్షపతి ఇరవై ఏళ్ళుగా పిల్లల చేత లెక్కలు చేయిస్తున్నాడు. ఇంత శుభ్రంగా లెక్క చేసినవాణ్ణి చూసి చాలాకాలమైంది. ఖగోళం తెలిసినవాళ్ళకు కొత్త తోకచుక్క కనపడితే మొదట కావలసింది తేదీ. ఏ రాత్రి, ఏ వేళ, ఏ దిక్కు. మూడు రాత్రుల లెక్క దొరికితే దాని దారి మొత్తం గీస్తారు, పుట్టినచోటి నుంచి పోయేచోటి దాకా. వాళ్ళకు గడియారాలుంటాయి. గొర్రెపిల్ల నోట్లో తేదీ రాసిపెట్టుకున్నవాడు మాత్రం వాళ్ళల్లో ఎవడూ ఉండడు.

ఇక్కడే పంతులు ఒక పొరపాటు చేశాడు. చదివిన మనిషి చేసే పొరపాటు. సంచిలోంచి పత్రిక ముక్క తీసి, "నీ చుక్క గురించి ఇందులో పడ్డది పెద్దులూ" అన్నాడు.

పెద్దులు నిలబడిపోయాడు. తన చుక్క కాగితంలోకి ఎక్కిందంటే నమ్మకం కుదరలేదు. పంతులు చదివాడు. నవంబరు ఒకటిన ఆఫ్రికా దేశంలో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. సూర్యుడు మూసుకుని పగలే చీకటైనప్పుడు, ఆయన పక్కనే తోకచుక్క ఉన్నట్టు బయటపడింది. ఆ తర్వాత వారానికి దక్షిణదేశాల వాళ్ళు, ఓడల వాళ్ళు తెల్లవారుజామున చూశారు.

"ఎవరు కనుక్కున్నట్టు?"

"ఒకరని లేదు. అందరికీ ఒక్కసారే కనపడ్డది. అందుకే దానికి ఎవరి పేరూ పెట్టలె."

పెద్దులు నడుస్తూనే వేళ్ళు ముడిచి లెక్కబెట్టాడు. "ఒకటో తారీకంటె మనకు ఏనాడైతది?"

పంతులు నోరు తెరిచి, అప్పుడు లెక్క వేసుకుని, మూశాడు. గ్రహణం అమావాస్యకు తప్ప పట్టదు. ఆ అమావాస్య దీపావళే.

"అంటె మా తమ్ముడు పోయిననాడు అది ఉన్నట్టేగా."

"ఉంది. కానీ సూర్యునికి ఆనుకొని ఉంది. గ్రహణం పట్టినచోట తప్ప భూమ్మీద ఏ కంటికీ కనపడదు. మనకు పట్టలె. పద్మమ్మ చూసిందేందో గాని అది మాత్రం కాదు."

"కంటికి కనవడకపోయినా ఉన్నది గద."

"ఉంది."

"గామాట అక్కడ తియ్యకు," అన్నాడు పెద్దులు. "పిల్ల సంగతే చెప్పు. ఆమెతోని నేను మాట్లాడరాదు. ఆమె తల్లికి చెవులు సరిగ వినవడవు, వినవడ్డా తనకు నచ్చింది చెప్తది. నువ్వు చదువుకున్నోనివి. దేవుడు మోరీ కాడ తోలిండు. కాగితం సంచిల్నే ఉండనీ."

"సరే," అన్నాడు పంతులు.

హుజూర్‌నగర్ మొదట్లో మిలిటరీ వాళ్ళు ఆపారు. గొంగట్లో ఏముందని హిందీలో గద్దించారు. పెద్దులు విప్పాడు. గొర్రెపిల్ల బయటి చలికి ఒకసారి తుమ్మి, తుపాకి పట్టుకున్నవాడి ముఖంలోకి చూసి అరిచింది. ఆ సిపాయి దాన్ని చేతుల్లోకి తీసుకుని చెవులు నిమిరాడు. తమ ఇంటిదగ్గర కూడా ఉన్నాయని, ఈ రంగు కాదని చెప్పాడు. తిరిగి ఇవ్వడానికి కాస్త ఆలస్యం చేశాడు. చీకటిపడ్డాక బయట తిరగొద్దని మాత్రం గట్టిగా చెప్పాడు. ఆ పూట వాళ్ళు ఒక మూతపడ్డ చాయ్ హోటల్ చావిట్లో పడుకున్నారు.

నిద్రపట్టక పంతులు చెప్పుకుపోయాడు. పెద్దులు కుర్రాడిగా ఉన్నప్పుడు, పంతొమ్మిది వందల పదిలో, ఒక పెద్ద తోకచుక్క వచ్చింది. అప్పుడు తల్లి కుండలన్నీ బోర్లించిందని ఆయనకు గుర్తు. అది డెబ్బైఅయిదేళ్ళకొకసారి వస్తుందన్నాడు పంతులు. నీ మందలాగే, ఏటేటా కృష్ణ ఒడ్డుకు పోయి వచ్చినట్టు. కాకపోతే దాని ఏడాది పెద్దది. మరి ఇదో అని అడిగాడు పెద్దులు. ఇది చాలా దూరపుది. సూర్యుడు ఒక మామూలు చుక్కంత కనపడే చోటినుంచి వచ్చి, ఒకసారి ఇక్కడ తిరిగి పోతుంది. మళ్ళీ రావడమంటే వేల ఏళ్ళు, పదుల వేల ఏళ్ళు.

అది దేనితో తయారైందో ఆనాడు పంతులుకు తెలియదు. రెండు మూడేళ్ళు పోయాక పండితులు తేల్చారు: లోపల మంచుగడ్డ, దుమ్ము కలిసిన మంచుగడ్డ. అన్ని వేల ఏళ్ళూ చీకట్లో గడ్డకట్టి తిరిగి, సూర్యుడి దగ్గరికి వచ్చిన నాలుగు వారాలు మాత్రం కాస్త కరిగి తెల్లబడుతుంది. ఆ నాలుగు వారాలనే మనం తోకచుక్క అంటాం. మిగతా దాని బతుకంతటికీ పేరు లేదు.

"అన్ని వేల ఏండ్లు ఒక్కతే తిరుగుతదా?"

"ఒక్కతే."

"జత లేదు?"

"లేదు."

పెద్దులు గొంగడి ముఖం మీదికి లాక్కున్నాడు. లోపల్నుంచే అన్నాడు: "నెలనాళ్ళ నుంచి దాని కిందనే కూసుంటున్న. ఒక్కనాడు నా దిక్కు సూసినట్టు అనిపియ్యలె."

తెల్లవారడానికి ఇంకా గంటన్నర ఉందనగా లేపాడు. చావిడి అంచున నిలబెట్టి దక్షిణం వైపు కర్ర చాపాడు. "అగో, ఆ రెండు చుక్కల నడుమ. మాసిపోయింది. ఉత్త మసక. మొన్నటిదాక ఎంతుండె."

భిక్షపతికి దూరపుచూపు తక్కువ. అద్దాలు పగిలి ఆరునెలలైంది. చుక్కలే నాలుగైదు కనపడుతున్నాయి, వాటి నడుమ నల్లగా ఉంది.

"కనవడ్డదా?"

"కనపడ్డది," అన్నాడు పంతులు.

పెద్దులు కర్ర దించాడు. ఆయన గొంతులో మొదటిసారి తేలిక వినపడింది. "ఇన్నాళ్ళకు ఇంకొకరు సూసిండ్రు."

ఆ అబద్ధం పంతులు నోట్లో పొద్దంతా చేదుగా ఉంది.

కోదాడ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పద్మమ్మ తల్లిగారిల్లు ఊరి చివర, రెండర్రల మట్టిల్లు. తల్లి సోమమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. పెద్దులును చూసి చేట పక్కన పెట్టింది.

"ఏం పెద్దల్లుడా, ఇన్నాళ్ళకు గుర్తొచ్చామా? పెద్దకర్మ నాడు మా పిల్లను మీ ఊరోళ్ళు అన్న మాటలు నేను మర్చిపోలా."

"నేను అనలె అత్తా."

"ఆఁ?"

"నేను అనలె అంటున్న," పెద్దులు గొంతు పెంచాడు. "ఈయన సూర్యాపేట పంతులు. నాలుగు మాటలు చెప్పనీకె తోలుకొచ్చిన."

"సూర్యాపేట నుంచి ఎవరు చచ్చారని?"

"ఎవరు సావలె అత్తా. పంతులు, పంతులు."

సోమమ్మ పంతులును పైనుంచి కిందికి చూసింది. లోపలి అర్ర తలుపు వేలెడు సందుతో దగ్గరికి వేసి ఉంది. వెనక మనిషి ఉందని ఎవరూ చెప్పనక్కర్లేకుండా తెలిసింది. పెద్దులు అరుగు కింద, తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు. పంతులు ఆ సందువైపు తిరిగి, పిల్లలకు చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. పెద్దులు చూసిన ఐదు తెల్లవార్లు, ఆరోనాటి ఈత, పళ్ళ లెక్క. గొర్రెపిల్లను సందు దగ్గరికి పట్టుకుపోయి పెదవి ఎత్తి చూపాడు. లోపల్నుంచి ఒక చేయి వచ్చింది. వేళ్ళు పిల్ల చిగురు మీద ఆ పొడుస్తున్న మూలను తడిమి చూసి వెనక్కు పోయాయి.

పెద్దులు గొంగడి అంచును వేళ్ళతో మడిచాడు.

"అమ్మా," అంది లోపలి గొంతు. "పంతులుగారిని అడుగు. ఆ దినం ఆ చుక్క ఎక్కడున్నది?"

సోమమ్మకు వినపడలేదు. అడగవలసిన పనీ లేదు. పంతులు పెద్దులు వీపువైపు చూశాడు. ఆ వీపు కదల్లేదు. లేదమ్మా, ఎక్కడా లేదు అంటే అయిపోతుంది. రెండు మాటలు. పొద్దున కనపడనిది కనపడిందన్న నోటికి ఇది కష్టం కాకూడదు. కానీ అడిగిన ప్రశ్న శుభ్రమైన ప్రశ్న. అట్లా అడిగిన పిల్లలకు ఆయన ఇరవై ఏళ్ళలో ఒకసారి కూడా తప్పు చెప్పలేదు.

"ఉందమ్మా," అన్నాడు. "సూర్యుని పక్కన ఉంది. మన కంటికి కనపడే వీలు లేదు. మీరు చూసింది అది కాదు. వేగుచుక్క అయి ఉంటుంది. కానీ అది ఉంది. మీరు పుట్టకముందు నుంచీ, మీ తాతలు పుట్టకముందు నుంచీ అదే దారిలో వస్తూ ఉంది."

పెద్దులు తల వంచుకున్నాడు. సోమమ్మ మళ్ళీ చేట అందుకుంది.

"ఏ చుక్కయితే ఏంది," అంది పద్మమ్మ. ఈసారి తల్లిని పిలవలేదు. గొంతు పొడిగా ఉంది. "ఊరోళ్ళు తోకచుక్క అన్నారు, బావ వేగుచుక్క అంటుండు. ఏదైనా పండుకున్నోన్ని లేపింది నేను. చెప్పులేసుకో అని కూడ అనలా. అది ఎవరూ అడగరు."

పంతులు గొర్రెపిల్లను అరుగు మీద దించాడు.

అప్పుడు పెద్దులు లేచాడు. తలుపువైపు తిరిగాడు. పదకొండేళ్ళలో ఆ వైపు తిరిగి నిలబడడం అదే మొదలు. సోమమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

"పద్మమ్మా," అన్నాడు. "లేపినవు. నిజమే. సుక్క కనవడితె లేపాలని నీకు ఎవరు చెప్పిండ్రు? వాడు. వానికి ఎవరు చెప్పిండ్రు? నేను. మూడేండ్ల పోరడు గొంగట్ల పండుకుంటె తట్టి లేపి సూపెట్టెటోన్ని. ఒక్కన్నే సూడబుద్ధి కాకపోయేది. లేవంగనె తల మీదికి లేపుమనెటోన్ని, కిందికి సూడుమని ఏనాడన్న చెప్పిన్నా? చెప్పలె. ఈ నెలనాళ్ళు గదే లెక్కవెట్టుకుంటున్న. చుక్క లేకుండె అని తేలితె ఆ పాపం నా మీదికెల్లి కూడ పోతదనుకున్న. అది ఉండెనట. ఇగ నీ ఒక్కదాని మీదనే ఏసుకోకు. సగం నాది."

అంతే. ఆయన జన్మలో ఒక్క బిగిన అన్ని మాటలు ఎన్నడూ ఆడి ఉండడు. ఆడినందుకు సిగ్గుపడినట్టు ముఖం తిప్పుకున్నాడు. సగం నాదన్న నోటితో వస్తావా రావా అని అడగలేకపోయాడు. ఇరవై మైళ్ళకు పైగా నడిచి వచ్చింది అది అడగడానికే.

అరుగు మీదినుంచి గొర్రెపిల్లను ఎత్తుకుని గొంగట్లో వేసుకున్నాడు. కర్ర తీసుకున్నాడు. పంతులు లేచి నిలబడి ఏదో అనబోయాడు. క్షమించమనో, ఆగమనో, ఆ మాట ఏమిటో ఆయనకే ఏర్పడలేదు. పెద్దులు ఆయన ముఖంలోకి చూడనైనా లేదు. వాకిలి దాటాడు.

తలుపు సందు బెత్తెడైంది.

"అమ్మా," అంది పద్మమ్మ, "బావ అన్నం తినలె."

సోమమ్మకు ఇది వినపడింది. వాకిట్లోకి వచ్చి చెయ్యి అడ్డంపెట్టుకుని గట్టిగా కేకేసింది. "పెద్దల్లుడా, తిని పోవయ్యా. ఎండన పడి ఎక్కడికి?" బజారులో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. ఆయన తిరగలేదు. వినపడలేదో, విన్నా నిలబడితే ఏం మాట్లాడాల్సి వస్తుందో అనుకున్నాడో. అప్పటికే హుజూర్‌నగర్ దారి ఎక్కాడు. భుజం మీది గొంగడి లోపల పిల్ల ఒకసారి కదిలింది, ఆయన చేయి దాన్ని సర్దింది. అదే నడక, అంతే వేగం. పోయొస్తననే మాట పంతులుతో అనలేదు, సోమమ్మతో అనలేదు, తలుపు వెనక మనిషితోనూ అనలేదు.